మూత రాని ఫిల్టరు

ఆళ్లగడ్డలో అరుణకుమారి దగ్గర కుట్టు నేర్చుకున్నవాళ్లకు ఒక అలవాటు అంటుకుంటుంది. కొత్త జాకెట్టు చేతికొస్తే ముందు దాన్ని తిరగేసి లోపలి వైపు చూస్తారు. పైకి కనిపించే కుట్టు ఎవరైనా తీరుగా వేస్తారనీ, పనితనం తెలియాలంటే లోపల చూడాలనీ ఆమె మొదటి పాఠంలోనే చెబుతుంది. చర్చి వీధి చివర రెండు గదుల ఇల్లు ఆమెది. ముందు గదిలో కుట్టు మెషిన్లు, వెనక గదిలో సంసారం. భర్త దేవరాజు ఒక స్కూలు బస్సు నడుపుతాడు. అత్తగారు కమలమ్మ మెషిన్ల చప్పుడు మధ్యనే మంచం వేసుకుని, వచ్చే పోయే పిల్లలతో కబుర్లు చెబుతూ ఉంటుంది.

ఒక వానాకాలం కమలమ్మకు వాంతులు పట్టుకున్నాయి. కొళాయి నీళ్లు పలచటి టీలాగా వస్తున్న రోజులవి. డాక్టరు ఏ నీళ్లు తాగుతున్నారని అడిగాడు. ఫిల్టరు నీళ్లేనని అరుణకుమారి కాస్త గర్వంగానే చెప్పింది. ఫిల్టరు కడిగి ఎన్నాళ్లయిందని అడిగేసరికి ఆమె వేళ్ల మీద లెక్కపెట్టబోయి ఆగిపోయింది. పైభాగంలో నీళ్లు వడగట్టే తెల్లటి క్యాండిళ్లను అప్పుడప్పుడూ పీచుతో రుద్దుతుంది. కింది డబ్బాలో నీళ్లు పోసి కుదిపి పారబోస్తుంది. అంతకంటే ఏం కడగాలో ఎవరూ ఆమెకు చెప్పలేదు.

ఇంటికొచ్చి దేవరాజు చేత ఆ ఫిల్టరును మొత్తం ఊడదీయించింది. కొళాయి వెనక నట్టు బిగుసుకుపోయి పానాతో కూడా కదలలేదు. చివరికి కొబ్బరినూనె పోసి, గుడ్డ చుట్టి తిప్పాక వచ్చింది. కొళాయి వెనక భాగంలో వేలు పెట్టి తీస్తే గోరు నిండా నల్లటి జిగురు వచ్చింది. కుళ్లిన ఆకుల వాసన.

"ఇన్నేండ్లూ అమ్మకు ఇదేనా తాపిచ్చినాం?" అంది ఆమె.

"మనమూ అదే తాగినాం గదా," అన్నాడు దేవరాజు. "అయినా దీన్ని ఊడదీయాలంటే నాకే చెమట్లు పట్టె. నువ్వెట్ల కడుగుతావు?"

ఆ మాటే ఆమెను పట్టుకుంది. కడగడానికి పానా కావాలంటే ఏ ఇంట్లోనూ ఆడమనిషి దాన్ని కడగదు. కడగని ఫిల్టరు ఉండటం కంటే లేకపోవడమే నయం. ఫిల్టరు లేదని తెలిస్తే నీళ్లు కాచుకునైనా తాగుతారు. ఉందనుకుంటే ధైర్యంగా తాగేస్తారు.

కుట్టు తెలిసిన మనిషి కాబట్టి ఆమె ఆలోచన గుడ్డ వైపే పోయింది. మందపాటి కోరా గుడ్డతో సంచి కుట్టి, అందులో జల్లెడ పట్టి కడిగిన ఇసుక పోసింది. ఇంకో సంచిలో దంచిన బొగ్గు నింపింది. మూతికి లంగా నాడా లాంటి నాడా పెట్టింది. నాడా విప్పితే సంచి తెరుచుకుంటుంది, ఇసుక బయటికొస్తుంది, సంచిని తిరగేసి ఉతుక్కోవచ్చు. ఆలోచన బాగానే ఉంది కానీ మొదటిసారి నీళ్లు నల్లగా దిగాయి. బొగ్గు పొడి కుట్టు సందుల్లోంచి కారిపోయింది. అంచును రెండుసార్లు మడిచి డబుల్ కుట్టు వేసింది. ఈసారి బొగ్గు ఆగింది కానీ, సంచి డబ్బాలో ఒక పక్కకు కుంగి, నీళ్లు ఇసుకలోకి దిగకుండా గోడ వెంబడి జారిపోయాయి. పైన పోసిన బురద నీళ్లు కిందికి బురద నీళ్లుగానే చేరాయి. సంచి కుంగకుండా బొంతకు వేసినట్టు గళ్లు గళ్లుగా కుట్టేద్దామా అని ఆలోచించింది.

అప్పుడే జెస్సీకి ఫోన్ చేసింది.

జెస్సీ ఆమెకు పడుచుతనం నాటి స్నేహితురాలు. నంద్యాలలో ఒక కుట్టు శిక్షణ కేంద్రంలో ఇద్దరూ కలిసి నేర్చుకున్నారు. మెషిన్లు తక్కువ, నేర్చుకునేవాళ్లు ఎక్కువ కావడంతో ఇద్దరికీ కలిపి ఒకే మెషిన్ ఇచ్చారు. ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు పక్కన కూర్చుని చూడాలి. ఆ మెషిన్‌కు కుట్టును వెనక్కి నడిపే మీట పని చేసేది కాదు. కుట్టు చివర గట్టి పడాలంటే అరుణకుమారి దారం లాగి ముడి వేసేది. జెస్సీకి అంత ఓపిక లేదు. గుడ్డనే గిరుక్కున తిప్పి, ఏటవాలుగా వెనక్కి నాలుగు పోట్లు పొడిచేది. మంచి మెషిన్లు వచ్చాక కూడా ఆమెకు ఆ అలవాటు పోలేదు. టీచరు తిడితే, "నా సంతకం మేడమ్ అది," అని నవ్వేది. జెస్సీ నవ్వితే పక్కనున్న మనిషి కూడా నవ్వాల్సిందే. శిక్షణ అయిపోయాక ఆమె నంద్యాలలోనే స్టీలు సామాన్లు చేసే ఎడ్విన్‌ను పెళ్లాడింది. అరుణకుమారి ఆళ్లగడ్డ కోడలైంది. ఊళ్లు వేరైనా వారానికోసారైనా మాట్లాడుకోకుండా ఉండలేదు. అరుణకుమారి కాన్పు కష్టమై బిడ్డ దక్కనప్పుడు ఆసుపత్రిలో నేల మీద పడుకుని ఆమెను కనిపెట్టుకున్నది జెస్సీయే. ఆ తర్వాత పిల్లలు కలగరని డాక్టర్లు చెప్పినప్పుడు, ఆ సంగతి దేవరాజు కంటే ముందు తెలిసింది కూడా జెస్సీకే.

ఆ ఆదివారం జెస్సీ ఆళ్లగడ్డ వచ్చి, సంచిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బొంత మాదిరి కుడితే ఇసుక బయటికెట్ల వస్తాది మే? ఇసుక రాకపోతే ఏందీ నువ్వు కడిగేది?"

"కుట్టకపోతే ఒక పక్కకు పోతాండాదే."

జెస్సీ సంచిని డబ్బాలో పెట్టి తీసింది. "సంచిని డబ్బా కొలతకు కత్తిరించినావు. కొంచెం పెద్దగా కత్తిరించు. బలవంతంగా కూచోబెడితే అంచు గోడకు ఒత్తుకుంటాది. నీళ్లకు దారే ఉండదు. కింద అడుగు నిండా బెజ్జాలుండే బుట్ట ఒకటి మాయప్పతో చేపిస్తా."

ఆమె ఎడ్విన్‌ను 'మా ఆయన' అనకుండా 'మాయప్ప' అనే అంటుంది. ఆ బుట్ట నెల తిరక్కుండానే వచ్చింది. కింద నీళ్లు నిలిచే డబ్బా మూతి సన్నగా ఉంటే ఒప్పుకోనని పట్టుబట్టింది కూడా జెస్సీయే. "గాజుల చెయ్యి మోచేతి దాకా పోవాల. గాజులు తీసి కడిగేంత తీరిక ఎవురికుంది?" అంది. కొళాయికి పానా అక్కర్లేని చెవుల నట్టు పెట్టించారు. కొళాయి కంటే కిందికి నీళ్లు నిలవకుండా అడుగును కాస్త వాలుగా చేయించారు. ఎన్నో ఆదివారాలు ఆరాధన అయిపోయాక ఎడ్విన్ వర్క్‌షాపులోనే ముగ్గురూ అన్నాలు తిన్నారు. ఎడ్విన్ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. చెప్పింది విని, రేకు మీద సుద్దముక్కతో గీత గీసి, కత్తిరించి చూపించేవాడు.

చివరికి తయారైన ఫిల్టరులో గొప్పతనమేమీ కనిపించేది కాదు. పైన బెజ్జాల బుట్ట, అందులో బొగ్గు సంచి, దాని మీద ఇసుక సంచి, కింద వెడల్పు మూతి డబ్బా. అయితే వంటింట్లో నిలబడి, ఏ పనిముట్టూ లేకుండా, ఒక ఆడమనిషి దాన్ని ముక్క ముక్కగా విడదీసి, కడిగి, ఎండబెట్టి మళ్లీ పెట్టుకోగలదు. బురద, వాసన పోతాయి కానీ రోగాలు పోవాలంటే దిగిన నీళ్లను కాచుకునే తాగాలని అరుణకుమారి ప్రతి ఇంట్లోనూ చెప్పేది. బట్టలు ఉతికే రోజే సంచులు కూడా ఉతకమనేది. ఆమె శిష్యురాళ్లు సంచులు కుట్టారు, ఎడ్విన్ డబ్బాలు పంపాడు. వీధిలో ఒక్కొక్క ఇంట్లో ఆ ఫిల్టరు కూర్చుంది. పక్క వీధి కృష్ణమ్మ, పెద్ద రైతు కుటుంబం ఆవిడ, ఎవరి మాటా ఒక పట్టాన వినని మనిషి, ఆమె కూడా తీసుకుంది.

"నువ్వు చెప్తాండావని పెట్టుకుంటాండా అరుణా," అంది కృష్ణమ్మ. "ఇంకెవురైనా చెప్పింటే పొమ్మనేదాన్ని."

అలా ఉండగా జెస్సీ ఒక రోజు ఫోన్ తీసుకుని వచ్చి, అరుణకుమారిని ఫిల్టరు పక్కన కూర్చోబెట్టి వీడియో తీసింది. నంద్యాలలో ఆడవాళ్ల సంఘాలకు చూపిస్తానంది. అరుణకుమారి మంచి చీర కట్టుకుని, చెమట తుడుచుకుంటూ చెప్పింది: "నేను అరుణకుమారిని. ఆళ్లగడ్డలో కుట్టు నేర్పుతాను. మా ఇంట్లో ఈ ఫిల్టరు నీళ్లే వాడుతాం. మీరూ వాడండి. మా అత్తమ్మ ఆరోగ్యం బాగైంది." ఆ తర్వాత సంచులు ఎలా ఉతకాలో కూడా చూపించింది. జెస్సీ చెయ్యి వణక్కుండా అంతా తీసింది.

"శానా బాగా చెప్పినావు మే. నీ ముఖం చూస్తే సాలు, ఎవురైనా నమ్ముతారు," అని ఆమె బుగ్గ నిమిరింది.

ఆ తర్వాత డబ్బాలు రావడం తగ్గింది. స్టీలు దొరకడం లేదని ఒకసారి, ఎడ్విన్‌కు నడుం నొప్పని ఒకసారి, పెళ్లిళ్ల సామాన్ల ఆర్డరుందని ఒకసారి జెస్సీ చెప్పింది. ఫోన్లు కూడా తగ్గాయి. దేవరాజు ఒకసారి, "వాళ్లు వేరే ఏమన్నా చేస్తాండారేమో కనుక్కో," అన్నాడు. అరుణకుమారికి కోపం వచ్చింది. "జెస్సీ ఏందో నాకు తెల్దా? నువ్వు గమ్మునుండు," అంది.

మళ్లీ వానలు పడి నీళ్లు ఎర్రబడ్డాయి. ఒక పొద్దున పిల్లలు మెషిన్ల ముందు కూర్చునే సమయానికి కృష్ణమ్మ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో తెల్లటి ప్లాస్టిక్ ఫిల్టరు. దాన్ని తెచ్చి కత్తిరించే బల్ల మీద పెట్టింది. దాని మీద ఒక స్టిక్కరు, ఆ స్టిక్కరు మీద మంచి చీరలో నవ్వుతున్న అరుణకుమారి.

"ఇదేంది అరుణా?"

అరుణకుమారికి అర్థం కాలేదు. "ఇది యాడిది అక్కా?"

"నంద్యాలలో అంగట్లో కొంటిని. మా కూతురు అర్చనకని. కొలిమిగుండ్లలో వాళ్లకు నీళ్లు బాగుండవు. అంగట్లో ఆ పిల్లోడు ఫోన్లో నీ వీడియో కూడా చూపిచ్చె. నీ బొమ్మ చూసే కొంటిని. ఇప్పుడు చూడు, మనవనికి వాంతులు, విరేచనాలు. ఆసుపత్రిలో పెట్టి నిన్ననే ఇంటికి తెచ్చినారు. అర్చన కడుగుదామంటే ఇది తెరుచుకుంటే గదా! నువ్వు మాకు ఏం చెప్తివి? చేత్తో కడుక్కోవచ్చు అంటివి. యాడ కడుక్కునేది? చూపీ!"

మెషిన్ల చప్పుడు ఆగిపోయింది. అరుణకుమారి మూత తిప్పి చూసింది. తిరగలేదు. రెండు భాగాలు కలిసే చోట గోరు దూరే సందు కూడా లేకుండా జిగురు పెట్టి అతికించారు. కొళాయి కూడా డబ్బాకు అతుక్కుని ఉంది. ఏ వైపూ విడిపడేది ఏదీ లేదు.

"అక్కా, ఇది మేం చేసింది కాదు. దేవుని తోడు, ఇది నాకు తెల్దు."

"నీ ముఖం నీకు తెల్దా?" అంది కృష్ణమ్మ. ఫిల్టరును అక్కడే వదిలేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

అరుణకుమారి పెరట్లోకి పోయి జెస్సీకి ఫోన్ చేసింది. ఆమెకు మొదట వచ్చిన భయం జెస్సీ గురించే. ఎవరో కంపెనీవాళ్లు వీడియో దొంగిలించారు, రేపు జెస్సీ, ఎడ్విన్ కూడా మాట పడాల్సి వస్తుంది అనుకుంది. జరిగింది గబగబా చెప్పింది.

"అట్లనా!" అంది జెస్సీ. "ఎవురో దొంగ నాయాండ్లు చేసుంటారు మే. ఈ కాలంలో ఫోన్లో ఏది పెట్టినా ఎత్తుకుపోతారు. నువ్వేం బాధపడొద్దు. మాయప్పతో కనుక్కోమని చెప్తా. నువ్వు నీళ్లు తాగి కూచో. నీకు ఊరికే బీపీ లేస్తాది."

ఆ గొంతు ఎప్పటిలాగే ఉంది. అంతే ఆప్యాయత, అదే ధైర్యం చెప్పే తీరు. అరుణకుమారికి నిజంగానే మనసు కుదుటపడింది. జెస్సీ చూసుకుంటుందిలే అనుకుని నీళ్లు తాగి కూర్చుంది.

సాయంత్రం దేవరాజు బస్సు పెట్టి వచ్చాక, లోపల ఏముందో చూద్దామని పెరట్లో ఆక్సా బ్లేడుతో ఫిల్టరును నడిమికి కోశాడు. సగం కోసేసరికే వాసన గుప్పున వచ్చింది. కమలమ్మ లోపల మంచం మీద నుంచే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. లోపల రెండు సంచులు, వాటి మీద నల్లటి, ఆకుపచ్చటి జిగురు. నాడా లేదు. మూతిని కుట్టేశారు. అరుణకుమారి సంచిని బకెట్‌లోకి తీసి, పైన నీళ్లు పోసి జిగురు కడిగింది. అలవాటు కొద్దీ కుట్టు చూసింది.

మూతి కుట్టు చివర, ఏటవాలుగా వెనక్కి నాలుగు పోట్లు.

ఆమె ఇంకో సంచి తీసి కడిగింది. అదే కుట్టు. ఎవరో నేర్చుకుని వేసిన కుట్టు కాదు. గుడ్డను గిరుక్కున తిప్పినప్పుడు కొంచెం ముడత పడుతుంది, ఆ ముడత కూడా అక్కడే ఉంది.

"ఏమైంది?" అన్నాడు దేవరాజు.

ఆమె తడి సంచి చేతిలో పట్టుకుని పెరటి గచ్చు మీద కూర్చుంది. పొద్దున ఫోన్లో విన్న మాటలు ఒక్కొక్కటే మళ్లీ వినిపించాయి. నీళ్లు తాగి కూచో. నీకు ఊరికే బీపీ లేస్తాది. ఆ మాటలు అంటున్నప్పుడు జెస్సీ మెషిన్ ముందే కూర్చుని ఉందేమో. చేతిలో ఇలాంటి సంచే ఉందేమో.

దేవరాజు ఆమె చేతిలోంచి సంచి తీసుకుని చూశాడు. అతనికి కుట్టు గురించి తెలియదు. కానీ భార్య ముఖం చూసి ఎవరి పనో తెలుసుకున్నాడు. 'నేను ముందే చెప్పినా' అనే మాట ఆ రోజే కాదు, ఆ తర్వాత ఎప్పుడూ అతను అనలేదు.

మర్నాడు పిల్లలకు సెలవని చెప్పి ఆమె నంద్యాల బస్సెక్కింది. దేవరాజు వస్తానన్నా వద్దంది. దారి పొడవునా ఆమె తన మనసుకు తనే సర్దిచెప్పుకోవాలని చూసింది. ఎవరైనా కుట్టుకూలికి ఇచ్చి ఉంటారు, ఏం చేస్తున్నారో తెలియక కుట్టి ఉంటుంది. అప్పుల్లో పడి ఉంటారు, చెప్పుకోలేక పోయి ఉంటుంది. నంద్యాలలో దిగేసరికి జెస్సీ తరఫున ఆమె దగ్గర చాలా సాకులు పోగయ్యాయి. వాటిలో ఒక్కటి నిజమైనా చాలనుకుంది.

వర్క్‌షాపు వెనక కొత్తగా రేకుల షెడ్డు వేశారు. అందులో మెషిన్ల మీద ఆడవాళ్లు సంచులు కుడుతున్నారు. గోడ వారగా తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ప్రతి డబ్బా మీదా అరుణకుమారి నవ్వుతోంది. అన్ని ముఖాలూ ఒక్కసారిగా తన వైపే చూస్తున్నాయి.

జెస్సీ ఆమెను చూసి చేతిలో సంచి పక్కన పెట్టింది. తర్వాత లేచి వచ్చింది. "ఫోన్ చేసి రాకూడదా మే? ఎండలో వచ్చినావు. కూచో, చాయ్ తెప్పిస్తా."

"నిన్న నాకు ఏం చెప్పినావు జెస్సీ?"

కుట్టేవాళ్లు తలలెత్తారు. జెస్సీ ఆమె చెయ్యి పట్టుకుని షెడ్డు బయటికి తీసుకొచ్చింది. ఎడ్విన్ దూరంగా వెల్డింగు చేస్తున్నాడు. అరుణకుమారిని చూసి కూడా కళ్లకు పెట్టుకున్న నల్లటి అద్దం తీయలేదు.

"చెప్దామనే అనుకుంటాంటి," అంది జెస్సీ. "టైము చూసి చెప్దామని."

"కృష్ణమ్మక్క మనవడు ఆసుపత్రిలో పడినాడు. దాంట్లో నీళ్లు తాగి."

"నీళ్లు తాగే పడినాడని ఎట్ల చెప్తావు? మూడు నెలలకు మార్చాలని దాని మీద రాసుంది గదా. మార్చకపోతే నేనేం చేసేది?"

"మార్చడమెందుకు? కడుక్కోవడానికి గదా మనం చేసింది? గాజుల చెయ్యి పోవాలని ఎవురన్నారు? నువ్వు గదా!"

జెస్సీ ముఖం గట్టిపడింది. "అంటి. కాదని చెప్పడం లే. కానీ తెరుచుకునే ఫిల్టరు ఒక్కసారి కొంటే పదేండ్లు వాడుకుంటారు. మల్లా మన దగ్గరికి ఎందుకొస్తారు? ఇది మూడు నెలలకొకసారి కొనాల్సిందే. షెడ్డులో ఇంతమంది ఎట్ల బతకల్ల? అందరూ నీ మాదిరి సంచులు ఉతుక్కుంటా కూచోరు మే. జనాలకు కడిగేది వద్దు, పారేసేది కావాల."

"నన్ను ఎందుకు అడగల్యా?"

"అడిగింటే ఒప్పుకుందువా?"

"ఒప్పుకోను."

"అందుకే అడగల్యా," అంది జెస్సీ.

ఇంత తేలిగ్గా అంటుందని అరుణకుమారి అనుకోలేదు. బస్సులో పోగేసుకుని వచ్చిన సాకుల్లో ఒక్కటి కూడా పనికి రాలేదు. జెస్సీకి అన్నీ తెలుసు. తెలిసే చేసింది.

"మరి నా బొమ్మ ఎందుకు? నీ బొమ్మే పెట్టుకోకపోతివా?"

"నీ ముఖం నమ్ముతారు," అంది జెస్సీ. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం ఆమె కళ్లు దించుకుంది. "నీకు రావాల్సిన భాగం వేరే పెట్టినా. నిజంగా. ఎప్పుడైనా తీసుకో."

"నాకు భాగమొద్దు. నా బొమ్మలు పీకెయ్. వీడియో తీసెయ్."

"ఇంత సరుకు అచ్చేసినాం అరుణా..."

"పీకెయ్ జెస్సీ." ఆమె గొంతు పెద్దది కాలేదు. "నువ్వు పీకకపోతే ఇంటింటికీ పోయి నేను పీకుతా."

ఎడ్విన్ అప్పుడు అద్దం తీసి, "అరుణమ్మా, అన్నం తిని పో," అన్నాడు. అంతకంటే ఏం అనాలో అతనికి తెలిసినట్టు లేదు. ఆమె ఎన్నో ఆదివారాలు అన్నం తిన్న చోటు అది. అరుణకుమారి గేటు దాటింది.

ఆళ్లగడ్డలో ఆమెకు ఎదురైనవి మంచి రోజులు కావు. నంద్యాల అంగళ్లలో ఆ ఫిల్టరు కొన్నవాళ్లు చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. కొందరు తెచ్చి గుమ్మం ముందు పడేశారు. కొందరు మొహం మీదే అడిగారు. చర్చిలో ఆమె పక్కన కూర్చునేవాళ్లు ఒక వరస వెనక్కి జరిగారు. "భాగాల కాడ గొడవొచ్చి ఇప్పుడు మంచిదాని మాదిరి మాట్లాడతాంది," అని ఎవరో అన్న మాట కమలమ్మ చెవిన పడి, ఆమె ఆ రోజు అన్నం ముట్టలేదు.

అరుణకుమారి దేవరాజు చేత ఇంకో వీడియో తీయించుకుంది. ఈసారి మామూలు చీరలోనే కూర్చుంది. "ఆ డబ్బా మీద ముఖం నాదే. మాట కూడా నాదే. కానీ ఆ ఫిల్టరు నాది కాదు. తెరిచి కడగలేని దాంట్లో నీళ్లు పోసుకుని తాగొద్దు. ఇంట్లో ఉంటే నా దగ్గరికి తెండి. లేదంటే పారేయండి. నీళ్లు కాచుకుని తాగండి." ఎవరు మోసం చేశారో అందులో చెప్పలేదు. జెస్సీ పేరు చెప్పమని దేవరాజు అడిగాడు. నోరు రాలేదంది.

తెచ్చినవాళ్ల ఫిల్టర్లను దేవరాజు మెడ దగ్గర కోసి, అంచులు నున్నగా గీకి ఇచ్చాడు. అరుణకుమారి నాడా ఉన్న సంచులు కుట్టి, పైన కప్పుకోవడానికి స్టీలు పళ్లెం పెట్టమంది. ఆ ప్లాస్టిక్ డబ్బాలు మునుపటి స్టీలు వాటిలాగా కుదరలేదు. కొన్నింటిలో నీళ్లు గోడ వెంబడి కారాయి. మళ్లీ మళ్లీ కత్తిరించి సరిచేసింది. కొత్తవి చేయడానికి ఆళ్లగడ్డలోనే ఒక స్టీలు పనివాణ్ణి వెతికింది. అతని చెయ్యి ఎడ్విన్ చెయ్యంత నున్నగా లేదు. ఆ సంగతి ఆమెకు ప్రతిసారీ గుర్తొచ్చి మనసు కలుక్కుమనేది.

కృష్ణమ్మ మాత్రం రాలేదు. అరుణకుమారే కొలిమిగుండ్ల వెళ్లింది. అర్చన ఇంట్లో కొత్త స్టీలు ఫిల్టరు పెట్టి, పిల్లవాణ్ణి చూసి వచ్చింది. వాడు కోలుకుని వసారాలో పరిగెత్తుతున్నాడు. అర్చన మర్యాదగానే కూర్చోమంది, కాఫీ ఇచ్చింది. కానీ ఫిల్టరు విడదీసి చూపిస్తున్నంతసేపూ ఏమీ అడగలేదు. గుమ్మం దాటేటప్పుడు, "ఇది కూడా మీదేనని నమ్మల్లా అక్కా?" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. అరుణకుమారి, "నమ్మొద్దమ్మా. వారానికోసారి నువ్వే తెరిచి చూసుకో," అని వచ్చేసింది.

నంద్యాలలో ఫిల్టర్ల మీద ఆమె బొమ్మ కొన్నాళ్లకు పోయింది. దాని చోట తెలియని ఇంకో ఆడమనిషి బొమ్మ వచ్చింది. ఫిల్టరు మాత్రం అదే. బాగా అమ్ముడుపోతోందని, షెడ్డు పక్కన ఇంకో షెడ్డు వేశారని వచ్చేపోయేవాళ్లు చెప్పారు. ఆమె మెషిన్ ఆపకుండానే వింది.

ఎండాకాలం నంద్యాలలో చర్చి కూడికలు జరిగాయి. ప్రతి ఏడూ ఆమె, జెస్సీ ఒకే చాప మీద కూర్చునేవాళ్లు. ఈసారి అరుణకుమారి పందిరి చివర దేవరాజు పక్కన కూర్చుంది. ప్రార్థన మధ్యలో ఎవరో వచ్చి ఆమె పక్కన ఒదిగి కూర్చున్నారు. తల తిప్పకుండానే తెలిసింది.

"ఇంకా కోపమేనా మే?" అంది జెస్సీ మెల్లగా.

"కోపం లే."

"మరి మాట్లాడవే?"

అరుణకుమారి అంది: "నా బొమ్మ పెట్టుకున్నావు, పోనీ. ఫిల్టరుకు మూతేసి అతికించినావు, అదీ పోనీ అనుకుందామని చూసినా. ఆ పొద్దు భయపడి నీకే ఫోన్ చేస్తిని. ఎవురో దొంగ అంటివి. నీళ్లు తాగి కూచోమంటివి. నాకు బిడ్డ పోయినప్పుడు కూడా ఇట్లనే, ఇదే గొంతుతో చెప్పినావు గదా జెస్సీ. ఇప్పుడు ఆసుపత్రిలో నువ్వు చెప్పింది నిజమో కాదో కూడా నాకు తెలీకుండా చేసినావు."

జెస్సీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూసి మామూలుగా అయితే అరుణకుమారి చెయ్యి తనంతట తానే ముందుకు వెళ్లేది. ఈసారి అది ఒళ్లోనే ఉండిపోయింది. జెస్సీ కాసేపు కూర్చుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని లేచి, ఆడవాళ్ల మధ్యలోంచి తన చోటికి వెళ్లిపోయింది.

తిరుగు ప్రయాణంలో బస్సు కిటకిటలాడుతోంది. దేవరాజు ఆమెకు కిటికీ పక్క సీటు పట్టి ఇచ్చి, తాను నిలబడ్డాడు. శిరివెళ్ల దాటాక పక్క సీటు ఖాళీ అయితే అతను వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏమనె?" అని అడిగాడు.

"ఏమీ అనలే," అంది అరుణకుమారి. కిటికీలోంచి వేడిగాలి కొడుతోంది. "కోరా గుడ్డ అయిపోయింది. రేపు బస్సు పెట్టి వచ్చేటప్పుడు ఒక తాను తీసుకురా."

అతను సరేనన్నాడు. ఆమె కొంగు నెత్తిన కప్పుకుని, సీటుకు తల ఆనించి కళ్లు మూసుకుంది. నిద్ర మాత్రం పోలేదు.